ఎల్వ్‌యూఐ డీబఫ్ ఫిల్టర్లు: క్లాసిక్ రెయిడర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆన్‌లైన్ గేమ్ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ పాత రూపమైన క్లాసిక్ ఎరాలో ఎల్వ్‌యూఐ (గేమ్ తెరని మార్చే ఆడాన్, అంటే అదనపు ప్రోగ్రామ్) వేసుకున్న ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు డీబఫ్ ఫిల్టర్ల దగ్గర ఇరుక్కుంటారు. గిల్డ్‌లోకి (మా ఆటగాళ్ల సంఘంలోకి) కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా అవే ప్రశ్నలు తిరిగొస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టాను. గేమ్‌కి తెలుగు మెనూ లేదు. అందుకే మీటల పేర్లు తెర మీద కనిపించే ఇంగ్లీషు పేర్లనే తెలుగు లిపిలో రాశాను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోండి, వరుసగా చదవాల్సిన పని లేదు.

## మొదలుపెట్టే ముందు

డీబఫ్ ఫిల్టర్ అసలు ఏం చేస్తుంది?

దాస్తుంది. చూపించడం దాని రెండో పని. మీ మీద గానీ, తోటివాళ్ల మీద గానీ, బాస్ మీద గానీ పడిన ప్రతి హానికర ప్రభావానికీ, అంటే డీబఫ్‌కీ, గేమ్ దగ్గర కొన్ని వివరాలుంటాయి: పేరు, స్పెల్ ఐడీ, రకం, ఎవరు వేశారు, ఎంతసేపు ఉంటుంది, ఎన్ని స్టాకులు (ఒకదాని మీద ఒకటి ఎన్ని పేరుకున్నాయి). ఆడాన్ వాటిని చదివి ఈ బొమ్మ ఈ ఫ్రేమ్ (ఒక్కొక్కరి పేరు, ప్రాణం చూపించే పెట్టె) మీద కనిపించాలా వద్దా అని తేలుస్తుంది. 40 మంది కలిసి బాస్‌లని ఎదుర్కొనే రెయిడ్‌లో తలకి రెండు డీబఫ్‌లు పడితే 80 బొమ్మలు. అందులో మీరు ఏదో ఒకటి చేయగలిగినవి ఐదారు ఉంటాయి. మిగతావాటిని కళ్లకి అడ్డం లేకుండా తీసేయడమే ఫిల్టర్ ఉద్యోగం.

ఇది వాడితే అకౌంట్ బ్యాన్ అవుతుందా?

అవదు. ఆడాన్లు గేమ్ అధికారికంగా ఇచ్చిన లువా (ఆడాన్లు రాసే భాష) దారిలోనే నడుస్తాయి. సమాచారం చూపించగలవు గానీ మీ బదులు మంత్రం వేయలేవు. ఒకప్పుడు పరిస్థితి వేరు. పాత వనిల్లా రోజుల్లో (గేమ్ మొదటి రూపంలో) డికర్సివ్ అనే ఆడాన్ ఎవరి మీద కర్స్ (శాపం) ఉందో వెతికి, టార్గెట్ మార్చి, మంత్రం కూడా తనే ఎంచేది, ఆటగాడు ఒకే మీట నొక్కుతూ కూర్చునేవాడు. 2006 చివర్లో వచ్చిన 2.0 ప్యాచ్‌తో బ్లిజ్జార్డ్ ఆ దారి మూసేసింది. 2019లో వచ్చిన క్లాసిక్ ఆధునిక క్లయింట్ మీదే నడుస్తుంది కాబట్టి ఆ నిషేధం ఇక్కడా ఉంది.

గేమ్‌తో వచ్చే రెయిడ్ ఫ్రేములు చాలవా?

డ్యామేజ్ వేసేవాళ్లయితే చాలాసార్లు చాలు. ఆ ఫ్రేములు ఒక్కొక్కరి మీద మూడు డీబఫ్‌ల దాకా చూపిస్తాయి, తీయగలిగినవి మాత్రమే చూపించే టిక్ కూడా ఉంది. కానీ ఏ మూడు రావాలో మీ చేతిలో లేదు. హీలర్లకీ (వైద్యం చేసేవాళ్లకీ), కర్స్‌లు తీసే మేజ్‌లకీ అక్కడే చిక్కు.

డీబఫ్ రకాలు ఎన్ని? నా క్లాస్ (ప్రీస్ట్, మేజ్ లాంటి పాత్ర రకం) ఏవి తీయగలదు?

తీయగలిగే రకాలు నాలుగు. అంచు రంగు చూసి గుర్తుపట్టొచ్చు: మ్యాజిక్ నీలం, కర్స్ ఊదా, డిసీజ్ గోధుమ, పాయిజన్ ఆకుపచ్చ. ఎర్ర అంచు ఉన్నవి ఈ నాలుగింటిలోకీ రావు, మామూలు డిస్పెల్ (డీబఫ్ తీసే మంత్రం) వాటి మీద పనిచేయదు.

క్లాసిక్‌లో ప్రీస్ట్ మ్యాజిక్, డిసీజ్ తీస్తారు. పాలడిన్‌కి క్లెన్స్ మంత్రం వచ్చాక మ్యాజిక్, డిసీజ్, పాయిజన్ మూడూ తీయొచ్చు. షామన్‌కి పాయిజన్, డిసీజ్. డ్రూయిడ్‌కి కర్స్, పాయిజన్. మేజ్‌కి కర్స్ ఒక్కటే. అంటే కర్స్ తీసే బాధ్యతంతా మేజ్‌లు, డ్రూయిడ్‌ల మీదే పడుతుంది. "హీలర్లు చూసుకుంటారులే" అనుకునే మేజ్‌లు ఉన్న రెయిడ్ సంగతి మోల్టెన్ కోర్ అనే రెయిడ్‌లోని బాస్ లూసిఫ్రాన్ దగ్గరే తెలిసిపోతుంది. మరుగుజ్జు (డ్వార్ఫ్) జాతివాళ్లు స్టోన్‌ఫార్మ్‌తో తమ ఒంటి మీది పాయిజన్, డిసీజ్, రక్తస్రావం పోగొట్టుకోవచ్చు.

రిటెయిల్‌లో (గేమ్ ఇప్పటి రూపంలో) కూడా ఇవే సెట్టింగులు పనిచేస్తాయా?

అక్కడ లోకం మారిపోయింది. 2023లో 10.1 ప్యాచ్‌తో ప్రైవేట్ ఆరాలు వచ్చాయి. బాస్ వేసే కొన్ని డీబఫ్‌లను ఆడాన్లు చదవలేవు, ఆ బొమ్మ ఎక్కడ కనిపించాలో చోటు మాత్రం చూపించగలవు. మిడ్‌నైట్ విస్తరణతో యుద్ధ సమాచారంలో చాలా భాగాన్ని ఆడాన్లు చదివి నిర్ణయం తీసుకోలేని రహస్య విలువలుగా మార్చారు. వీక్‌ఆరాస్ అనే ఇంకో ఆడాన్ తయారీదారులు రిటెయిల్ మిడ్‌నైట్‌కి తమ ఆడాన్ తేలేమని ముందే ప్రకటించారు. ఇక్కడ రాసిందంతా క్లాసిక్ ఎరా కోసమే.

## మొదటి సెటప్

ఎల్వ్‌యూఐ దించుకున్నాను, గేమ్‌లో కనిపించట్లేదు. ఏం తప్పు?

నూటికి తొంభై సార్లు ఫోల్డరే. జిప్ విప్పితే వచ్చే ఎల్వ్‌యూఐ ఫోల్డర్లు నేరుగా ఇంటర్‌ఫేస్ లోపలి ఆడాన్స్ ఫోల్డర్‌లో ఉండాలి. మధ్యలో జిప్ పేరుతో ఇంకో ఫోల్డర్ ఉంటే గేమ్ గుర్తుపట్టదు. పైగా క్లాసిక్ ఎరాకి వేరే ఇన్‌స్టాల్ ఫోల్డర్ ఉంటుంది, రిటెయిల్ ఫోల్డర్‌లో పెడితే లాభం లేదు. దించుకునేది ట్యుక్‌యూఐ సైట్ నుంచే.

ఫిల్టర్ తయారుచేశాను, ఏమీ మారలేదు. ఎందుకు?

జాబితా రాయడం ఒక పని, దాన్ని ఫ్రేమ్‌కి తగిలించడం ఇంకో పని. చాట్‌లో స్లాష్ ఈసీ (/ec) కొడితే సెట్టింగులు తెరుచుకుంటాయి. ఫిల్టర్స్ విభాగంలో మీరు చేసేది జాబితా మాత్రమే. దాన్ని వాడమని యూనిట్‌ఫ్రేమ్స్‌లో మీకు కావాల్సిన రెయిడ్ ఫ్రేమ్, అందులో డీబఫ్స్, అందులో ఫిల్టర్ ప్రయారిటీకి వెళ్లి చేర్చాలి. టార్గెట్ ఫ్రేమ్‌కి విడిగా, ప్లేయర్ ఫ్రేమ్‌కి విడిగా చేర్చుకోవాలి. ఒకచోట తగిలిస్తే అన్నిచోట్లా పనిచేయదు.

ఫిల్టర్ ప్రయారిటీలో ఏది ముందుండాలి?

ఎల్వ్‌యూఐ ఎడమ నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫిల్టర్‌నీ అడుగుతుంది. మొదట ఎవరు అవునో కాదో చెబితే అక్కడితో ఆగిపోతుంది. అందుకే బ్లాక్‌లిస్ట్ (దాచాల్సినవాటి జాబితా) ఎప్పుడూ మొదట్లో. బాస్ అనే ఫిల్టర్‌ని దానికంటే ముందు పెడితే, మీరు బ్లాక్‌లిస్ట్‌లో వేసిన బాస్ డీబఫ్ కూడా తెర మీదికి వచ్చేస్తుంది. "దాచమన్నా కనిపిస్తోంది" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. పేర్లను మౌస్‌తో లాగి వరుస మార్చుకోవచ్చు.

వరుస మొత్తం ఖాళీ చేశాను. ఏమీ రావనుకుంటే అన్నీ వచ్చేశాయేంటి?

అది లోపం కాదు, అలాగే రాశారు. ప్రయారిటీ ఖాళీగా ఉంటే అడ్డుకునేవాళ్లు లేరని అర్థం, నిడివి హద్దులకి లోబడి ప్రతి డీబఫ్ కనిపిస్తుంది. ఏదీ వద్దనుకుంటే ఆ ఫ్రేమ్‌లో డీబఫ్స్ ఎనేబుల్ టిక్ తీసేయండి. వరుసలో ఒక్క ఫిల్టర్ ఉన్నా సరే లెక్క తిరగబడుతుంది: ఎవరూ అవునని చెప్పని డీబఫ్ కనిపించదు.

హీలర్‌ని. మొదటి రోజుకి ఏం పెట్టుకుంటే సరిపోతుంది?

రెయిడ్ ఫ్రేమ్ డీబఫ్స్‌లో బ్లాక్‌లిస్ట్, డిస్పెలబుల్, రెయిడ్‌డీబఫ్స్. ఈ మూడూ ఈ వరుసలోనే. డిస్పెలబుల్ అనేది మీ క్లాస్ తీయగలిగినవాటినే ఒప్పుకుంటుంది కాబట్టి ప్రీస్ట్‌కి కర్స్‌లు ఆ దారిలో రావు. తీయలేకపోయినా తెలియాల్సినవి, అంటే లివింగ్ బాంబ్ లాంటివి, రెయిడ్‌డీబఫ్స్ జాబితా నుంచి వస్తాయి. దీనికి తోడు డీబఫ్ హైలైటింగ్ వేసుకోండి (కొత్త వెర్షన్లలో ఆరా హైలైట్ అని ఉంటుంది). మీరు తీయగలిగింది పడగానే ఆ మనిషి ఫ్రేమే రంగు మారుతుంది. చిన్న బొమ్మని వెతుక్కోవడం కంటే ఇదే వేగంగా కంట్లో పడుతుందని నా అభిప్రాయం.

బ్లాక్‌లిస్ట్‌లో ఏవి వేయాలి?

చేయగలిగిందేమీ లేనివి, ప్రమాదం లేనివి. కట్టు కట్టుకున్నాక 60 సెకన్లు ఉండే రీసెంట్లీ బ్యాండేజ్డ్, చచ్చి ఆత్మవైద్యురాలి దగ్గర లేచాక వచ్చే రెజరెక్షన్ సిక్‌నెస్ లాంటివి. ఎల్వ్‌యూఐ ఇలాంటివి కొన్ని ముందే వేసి ఇస్తుంది. వీకెన్డ్ సోల్ మాత్రం క్లాస్‌ని బట్టి. అది ఉన్న 15 సెకన్లూ ఆ మనిషికి మళ్లీ షీల్డ్ వేయలేరు కాబట్టి ప్రీస్ట్‌కి కావాలి, పాలడిన్‌కి చెత్త.

## జాబితా రాసేటప్పుడు

పేరుతో చేర్చాలా, స్పెల్ ఐడీతోనా?

క్లాసిక్‌లో ఈ ప్రశ్నకి విలువ ఎక్కువ, ఎందుకంటే ఇక్కడ మంత్రాలకి ర్యాంకులున్నాయి, ఒక్కో ర్యాంకుకి ఒక్కో ఐడీ. వార్లాక్ కరప్షన్‌నే చూడండి: ర్యాంక్ 1 ఐడీ 172, ర్యాంక్ 2ది 6222, ర్యాంక్ 6ది 11672, ర్యాంక్ 7ది 25311. మీరు 11672 ఒక్కటే చేర్చి, తర్వాత ర్యాంక్ 7 నేర్చుకుంటే ఆ రోజు నుంచి బొమ్మ మాయం. పేరుతో చేర్చితే ఆ పేరున్నవన్నీ పట్టుబడతాయి.

బాస్ డీబఫ్‌లకి ఐడీయే మేలు. ఒకే పేరుతో మామూలు రాక్షసులు వేసే వేరే డీబఫ్‌లు ఉంటాయి, అవన్నీ జాబితాలోకి దూరిపోతాయి. ఇంకో తేడా: పేరు గేమ్ భాషని బట్టి మారుతుంది, ఐడీ మారదు. జర్మన్ క్లయింట్ వాడే గిల్డ్‌మేట్‌కి మీ ఇంగ్లీషు పేర్ల జాబితా పంపితే అక్కడ ఒక్కటీ పనిచేయదు. ఒక హెచ్చరిక కూడా. రెయిడ్‌డీబఫ్ ఇండికేటర్‌లో ఓన్లీ మ్యాచ్ స్పెల్‌ఐడీ అనే టిక్ ఉంది. అది వేసి ఉంటే పేరుతో చేర్చినవన్నీ అక్కడ కనిపించవు.

స్పెల్ ఐడీ ఎక్కడ దొరుకుతుంది?

వావ్‌హెడ్ సైట్ క్లాసిక్ పేజీలో ఆ మంత్రం తెరిస్తే, చిరునామాలో స్పెల్ అన్న మాట తర్వాత ఉండే సంఖ్యే ఐడీ. గేమ్‌లోనే చూడాలంటే ఎల్వ్‌యూఐ టూల్‌టిప్ సెట్టింగుల్లో ఐడీలు చూపించే మీట ఆన్ చేసి, డీబఫ్ బొమ్మ మీద మౌస్ పెట్టండి. వెతికేటప్పుడు రిటెయిల్ పేజీలోకి వెళ్లిపోకండి. పేరు ఒకటే ఉన్నా అక్కడి సంఖ్య వేరు కావచ్చు.

ప్రయారిటీ నంబర్ పెంచినా బొమ్మల వరుస మారట్లేదు. ఎందుకు?

ఆ నంబర్ మామూలు డీబఫ్ వరుసకి కాదు. రెయిడ్‌డీబఫ్ ఇండికేటర్ అనే విడి బొమ్మ ఒకటుంది, ఫ్రేమ్ మధ్యలో ఒకే ఒక్క డీబఫ్ పెద్దగా చూపించేది. ఒకేసారి రెండు పడితే ఏది చూపించాలో తేల్చుకోవడానికే ఆ నంబర్. పెద్ద సంఖ్య గెలుస్తుంది. అది వాడకపోతే నంబర్ ఎంత పెట్టినా ఒకటే.

మోల్టెన్ కోర్‌కి ఏవి తప్పకుండా ఉండాలి?

రెయిడ్‌డీబఫ్స్ జాబితా చాలావరకు నిండే వస్తుంది. అయినా ముఖ్యమైనవి ఎందుకు ముఖ్యమో తెలిస్తే నంబర్లు మీకు తగ్గట్టు వేసుకోవచ్చు.

లూసిఫ్రాన్ రెండు వేస్తాడు. ఇంపెండింగ్ డూమ్ (19702) మ్యాజిక్, 10 సెకన్లలో తీయకపోతే 2000 షాడో డ్యామేజ్. లూసిఫ్రాన్స్ కర్స్ (19703) ఉన్నంతసేపూ మంత్రాలకి రెట్టింపు మానా (మంత్రశక్తి) ఖర్చు, 5 నిమిషాల దాకా వదలదు. రెండూ ఒకే మనిషి మీద ఉన్నప్పుడు ప్రీస్ట్ తెర మీద డూమ్ కనిపించాలి, మేజ్ తెర మీద కర్స్ కనిపించాలి. ఇండికేటర్ చూపించేది ఒక్కటే కదా. అందుకని ప్రీస్ట్ అయితే డూమ్‌కి 5, కర్స్‌కి 2 ఇవ్వండి, మేజ్ అయితే తిరగేయండి.

గెహెన్నాస్ కర్స్ (19716) వైద్యాన్ని 75 శాతం తగ్గిస్తుంది. ట్యాంక్ (బాస్ దెబ్బలు తన మీద వేసుకునే ఆటగాడు) మీద ఉంటే అన్నిటికంటే ముందు అదే పోవాలి. షజ్రా కర్స్ (19713) ఉన్నవాళ్లకి మ్యాజిక్ దెబ్బ రెట్టింపు తగులుతుంది. ఇక బారన్ గెడ్డన్ దగ్గర రెండు వేర్వేరు కథలు. ఇగ్నైట్ మానా (19659) మానా కాల్చేస్తూ ఉంటుంది, డిస్పెల్‌తో పోతుంది. లివింగ్ బాంబ్ (20475) ఎవరూ తీయలేరు, 8 సెకన్లలో పేలుతుంది. అది పడ్డవాళ్లు గుంపుకి దూరంగా పరిగెత్తాలి, హీలర్ వాళ్లని పేలుడు దాటించాలి. తీయలేనిదే అయినా జాబితాలో ఉంచి, నంబర్ అన్నిటికంటే పెద్దది ఇవ్వండి.

క్రోమాగస్ దగ్గర ఏ రకం ఎవరు తీయాలో ఫ్రేమ్ మీద ఎలా తెలుసుకోవాలి?

బ్లాక్‌వింగ్ లెయిర్ రెయిడ్‌లో ఈ బాస్ వేసే బ్రూడ్ అఫ్లిక్షన్ ఐదు రంగుల్లో వస్తుంది. బ్లూ మ్యాజిక్, బ్లాక్ కర్స్, రెడ్ డిసీజ్, గ్రీన్ పాయిజన్. బ్రాంజ్ మంత్రంతో పోదు, దానికి అవర్‌గ్లాస్ శాండ్ కావాలి. ఐదూ ఒకరి మీదే చేరితే ఆ మనిషి డ్రాకోనిడ్‌గా (డ్రాగన్ జాతి రాక్షసుడిగా) మారి మన మీదికే వస్తాడు. ఇక్కడ రెయిడ్‌డీబఫ్స్ కంటే డిస్పెలబుల్ ఫిల్టర్ పనికొస్తుంది: మీ వాటా మాత్రమే కనిపిస్తుంది, పక్కవాళ్లది వాళ్లు చూసుకుంటారు. బ్రాంజ్‌ని మాత్రం వైట్‌లిస్ట్‌లో (చూపించాల్సినవాటి జాబితాలో) విడిగా వేసుకోండి.

తీయగలిగినా తీయకూడని డీబఫ్‌లు ఉంటాయా?

ఉంటాయి, ఫిల్టర్లు ముంచేది ఇక్కడే. నాక్స్‌రామస్ రెయిడ్‌లో గ్రోబ్యులస్ అనే బాస్ వేసే మ్యూటేటింగ్ ఇంజెక్షన్ (28169) డిసీజ్ రకం, 10 సెకన్లుంటుంది. గడువు తీరినా, మీరు తీసినా, ఆ క్షణంలోనే పేలి పక్కవాళ్లకి దెబ్బ తగిలిస్తుంది, ఆ చోట విషమేఘం మిగులుతుంది. గుంపు మధ్యలో ఉండగా డిస్పెల్ కొడితే రెయిడ్ మొత్తం విషంలో నిలబడుతుంది. హైలైటింగ్ మాత్రం ఆ ఫ్రేమ్‌ని రంగేసి "తీయి, తీయి" అన్నట్టు చూపిస్తూనే ఉంటుంది.

బ్లాక్‌లిస్ట్‌లో వేస్తే ఎవరి మీద ఉందో తెలియదు, కాబట్టి అది కూడా పరిష్కారం కాదు. ఇండికేటర్‌లో పెద్ద నంబర్‌తో ఉంచి, ఆ మనిషి గోడ దగ్గరికి చేరాకే తీయాలని ఒక్క హీలర్‌కి అప్పగించండి. మిగతా హీలర్లు ఆ బాస్ అయ్యేదాకా హైలైటింగ్ ఆపుకోవడం మంచిది.

స్టాకులు పెరిగాకే చూపించమని చెప్పొచ్చా?

చెప్పొచ్చు. జాబితాలో ఆ మంత్రాన్ని ఎంచుకుంటే స్టాక్ త్రెషోల్డ్ అని ఉంటుంది. నాక్స్‌రామస్ బాస్ గ్లుత్ వేసే మోర్టల్ వూండ్ ఒక్కో స్టాక్‌కి 10 శాతం వైద్యం తగ్గిస్తుంది. ఒకటి రెండు స్టాకులప్పుడు బొమ్మ వచ్చి చేసేదేం లేదు, ట్యాంక్ మార్చే సమయం దగ్గరపడ్డప్పుడు వస్తే చాలు.

## బాస్ మీది డీబఫ్‌లు

వార్లాక్‌ని. టార్గెట్ ఫ్రేమ్ మీద నావి మాత్రమే ఎలా చూడాలి?

టార్గెట్ డీబఫ్స్‌లో బ్లాక్‌లిస్ట్ తర్వాత పర్సనల్ పెట్టండి. మీరు వేసినవే వస్తాయి, పక్క వార్లాక్ కరప్షన్ రాదు. దాని తర్వాత సొంతంగా ఒక వైట్‌లిస్ట్ తయారుచేసి సండర్ ఆర్మర్, ఫేరీ ఫైర్, కర్స్ ఆఫ్ ది ఎలిమెంట్స్ లాంటివి వేసుకోండి. ఎవరు వేసినా రెయిడ్ మొత్తానికి పనికొచ్చేవి అవి. ఒక వార్లాక్ ఒక శత్రువు మీద ఒక్క కర్స్ మాత్రమే ఉంచగలడు కాబట్టి, ఎవరిది రాలిపోయిందో కనిపిస్తే మాట్లాడుకోవడం సులువు.

ఒక శత్రువు మీద 16 డీబఫ్‌ల పరిమితి ఇంకా ఉందా?

సర్వర్‌ని బట్టి. 2019 క్లాసిక్ 16 పరిమితితోనే మొదలైంది. 2021 సీజన్ ఆఫ్ మాస్టరీలో దాన్ని తీసేశారు, 2024లో ఆనివర్సరీ సర్వర్లు తెరిచినప్పుడూ అది లేదు. పరిమితి లేని చోట టార్గెట్ ఫ్రేమ్ నిండిపోతుంది, ఫిల్టర్ లేకుండా చదవడం కష్టం.

## తేడా వచ్చినప్పుడు

వైట్‌లిస్ట్‌లో వేసినా కనిపించట్లేదు.

ముందు మ్యాక్స్ డ్యూరేషన్ చూడండి. అక్కడ 60 అని ఉంటే 5 నిమిషాల కర్స్ వైట్‌లిస్ట్‌లో ఉన్నా రాదు. 0 పెడితే ఆ హద్దు పోతుంది. తర్వాత అదే డీబఫ్ బ్లాక్‌లిస్ట్‌లో కూడా ఉందేమో, జాబితాలో దాని ఎనేబుల్ టిక్ ఉందో లేదో చూడండి.

ఇవన్నీ సరిగానే ఉంటే అసలు మీరు మార్చింది ఏ ఫ్రేమో చూడండి. ఎల్వ్‌యూఐలో రెయిడ్ 1, రెయిడ్ 2, రెయిడ్ 3 అని మూడు సెట్లుంటాయి, మంది సంఖ్యని బట్టి ఒకటి తెర మీదికి వస్తుంది. పది మందితో సరిచూసుకుని, రాత్రి 40 మందితో వెళ్తే ఎదురయ్యేది వేరే సెట్.

రెయిడ్‌కి ముందే ఎలా సరిచూసుకోవాలి?

స్నేహితుణ్ణి పిలిచి పార్టీని రెయిడ్‌గా మార్చండి. ప్రీస్ట్ ఉంటే షీల్డ్ వేయించుకోండి, వీకెన్డ్ సోల్ పడుతుంది. లేకపోతే కొంచెం దెబ్బ తిని కట్టు కట్టుకోండి. ఆ డీబఫ్‌ని ఒకసారి వైట్‌లిస్ట్‌లో, ఒకసారి బ్లాక్‌లిస్ట్‌లో వేసి చూస్తే మీ వరుస ఎలా నడుస్తోందో అర్థమవుతుంది.

మేజ్‌లో మార్చిన జాబితా ప్రీస్ట్‌లో కూడా మారిపోయింది!

ఫిల్టర్ జాబితాలు అకౌంట్ మొత్తానికి ఒకటే, ప్రొఫైల్ మార్చినా అవి మారవు. ప్రొఫైల్‌తో మారేది ఏ ఫ్రేమ్‌కి ఏ ఫిల్టర్ తగిలించారన్నది. అందుకే ప్రీస్ట్ కోసం ఒక జాబితా, మేజ్ కోసం ఒక జాబితా వేర్వేరు పేర్లతో చేసి, ఏ ప్రొఫైల్‌లో ఏది కావాలో అది తగిలించండి.

స్నేహితుడికి నా ప్రొఫైల్ పంపాను, ఫిల్టర్లు వెళ్లలేదు.

ఎక్స్‌పోర్ట్‌లో ప్రొఫైల్ ఒక రకం, ఆరా ఫిల్టర్స్ ఇంకో రకం. రెండూ విడివిడిగా పంపాలి. అవతలివాళ్లు దించుకునే ముందు తమ జాబితాల నకలు తీసి పెట్టుకోమని చెప్పండి.

గేమ్ క్రాష్ అయ్యాక గంటసేపు చేసిన మార్పులన్నీ పోయాయి. తిరిగి రావా?

రావు. ఆడాన్ సెట్టింగులు లాగౌట్ అయినప్పుడో, స్లాష్ రీలోడ్ కొట్టినప్పుడో మాత్రమే డిస్క్ మీదికి వెళ్తాయి. పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ రీలోడ్ కొట్టడం అలవాటు చేసుకోండి. నకలు కావాలంటే గేమ్ మూసేసి, డబ్ల్యూటీఎఫ్ ఫోల్డర్‌లో అకౌంట్, మీ అకౌంట్ పేరు, సేవ్డ్‌వేరియబుల్స్ వరకు వెళ్లి ఎల్వ్‌యూఐ ఫైల్ తీసి పెట్టుకోండి. గేమ్ నడుస్తుండగా పాత ఫైల్ తెచ్చి పెడితే, బయటికి వచ్చేటప్పుడు గేమ్ దాని మీద మళ్లీ రాసేస్తుంది.

అంతా గందరగోళం చేసేశాను. మళ్లీ మొదటి స్థితికి ఎలా?

ఫిల్టర్స్ విభాగంలో ఆ జాబితాని ఎంచుకుని రీసెట్ నొక్కండి, ఎల్వ్‌యూఐ ఇచ్చిన అసలు జాబితా వస్తుంది. మీరు చేర్చినవి పోతాయి. మొత్తం ఆడాన్‌ని తీసి మళ్లీ వేసుకోనక్కర్లేదు. వేసుకున్నా సెట్టింగులు డబ్ల్యూటీఎఫ్‌లోనే ఉంటాయి కాబట్టి అదే గందరగోళం తిరిగొస్తుంది.